నిన్నటి మేత

తెల్లారేసరికి వంటింటి గోడకి జీపు పట్టేంత కంత పడింది.

కోడలు ఆ కంతలోంచి ఎదుటి కొండని చూస్తూ నిలబడింది. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ వంటింటికి కిటికీ లేదని గొణుగుతూనే ఉంది. ఇప్పుడు కిటికీ ఏం ఖర్మ, సింహద్వారమే వచ్చింది. నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. నేలంతా పిండి. ఆ పిండిలో చాటంత గుండ్రటి అడుగు ఒకటి, దాని ముందంచున గోళ్ల గుర్తులు. అది చెరగకుండా ఆమె చుట్టూ తిరిగి నడుస్తోంది.

"అదేమన్నా పెళ్లి ఫొటోనా, అంత అపురూపంగా చూసుకోడానికి? చిమ్మెయ్" అంది అత్త.

అత్త రబ్బరు తోటల కంపెనీ హాస్టల్లో పెద్ద వంటావిడ. తోటలో చెట్ల నుంచి రబ్బరు పాలు గీసేవాళ్లూ, షీట్లు ఆరబెట్టేవాళ్లూ, లారీల్లోకి సరుకెక్కించేవాళ్లూ పొద్దున్నే తినే రొట్టె ఆవిడ చేతిదే. హాస్టల్ వంటగదిలో రాత్రుళ్లు చలి. అక్కడ పిండి పొంగదని ఇంట్లోనే పెద్ద గంగాళంలో కలిపి, దుప్పటి కప్పి పడుకోబెడుతుంది. పసిపిల్లని పడుకోబెట్టినట్టే. గాలి తగలకూడదు, మూత కదలకూడదు. ఇవాళ ఆ గంగాళం బోర్లాపడి ఉంది. దుప్పటి పెరట్లో కొళాయి దగ్గరుంది.

కోడలు అంతా చూసింది. తెలతెలవారుతుండగా ఏదో విరిగిన చప్పుడుకి లేచి, ఆమే భర్తా పడకగది కిటికీ రెక్క కొంచెం తెరిచారు. అరవకుండా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు భర్త. పెరట్లో ముసలి ఆడ ఏనుగు. దంతాల్లేవు. కణతలు లోపలికి పోయి, చెవుల పై అంచులు పాత పుస్తకం పేజీల్లా మడతపడి ఉన్నాయి. తొండం మొదట్లో లేత గులాబీ రంగు మచ్చలు. ఒక ముందుకాలూ, తొండమూ కంతలోకి పోనిచ్చి, వంటింట్లోవి ఒక్కొక్కటే తడిమి చూస్తోంది. డబ్బా మీద మూత తీసింది, వాసన చూసింది, పక్కకి నెట్టింది. కళ్లజోడు ఎక్కడ పెట్టానో అని అరలన్నీ వెతికే అవ్వలా ఉంది. ఉప్పు గోనె దొరికాక ఆగింది. తొండం చివరి కొసతో ఇంత ఉప్పు గిల్లి నోట్లో వేసుకుంది. కడుపులోంచో గొంతులోంచో, దూరంగా మోటారు తిరుగుతున్నట్టు సన్నని గుర్రుమనే చప్పుడు వచ్చింది. కిటికీ చెక్క మీద ఆనించిన ఆమె వేళ్లకి ఆ చప్పుడు తగిలింది. అంత భయంలోనూ కోడలికి ఒళ్లంతా పులకరించింది. కాలేజీలో మూడేళ్లు జంతుశాస్త్రం చదివింది కానీ, ఏ పుస్తకమూ ఆమె వేళ్లని ఇలా తాకలేదు.

ఎండ ఎక్కేసరికి క్వార్టర్స్ జనమంతా పెరట్లోకి చేరారు. జనం వెనకే మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రుమాలు. కంత దగ్గర నిలబడి గాలి పీల్చాడు.

"ఏమిటమ్మా ఈ వాసన?"

"పిండి సార్. రొట్టెల పిండి. పొంగింది, ఒలికిపోయింది."

"పులిసిన వాసన."

"పులవకపోతే రొట్టె ఎలా అవుతుంది సార్?"

మేనేజరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అతని వెనకనించి నీళ్ల ట్యాంకరు డ్రైవరు మెడ చాచాడు. ఊళ్లో ఏ సంగతైనా పొయ్యి మీది పాలకన్నా ముందు పొంగించేవాడు కాబట్టి వాడిని అందరూ రేడియో అంటారు.

"సార్, ఏనుగులకి సారా వాసన ఆమడ దూరం నుంచే తెలుస్తుందట. అది తాగడానికే వచ్చింది. నంజుకోడానికి ఉప్పు కూడా చూసుకుందంటే పాత తాగుబోతే!"

జనం గొల్లుమన్నారు. రోజూ అత్త చేతి రొట్టె తినేవాళ్లే. కోడలు అత్త మొహం చూసింది. ఆవిడ నవ్వుతున్నవాళ్లని ఒక్కొక్కరినే చూస్తోంది, ఎవరికి ఎన్ని ముక్కలు వడ్డించిందో గుర్తు చేసుకుంటున్నట్టు.

"నవ్వులాట కాదు. కంపెనీ క్వార్టర్లో సారా కాస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు మేనేజరు. "అటవీశాఖ వాళ్లు నన్నడుగుతారు, మీ తోటలోకి ఏనుగు ఎందుకొచ్చిందని. నేనేం చెప్పాలి?"

"సార్, మా ఇంట్లో కాసేవాళ్లు కాదు కదా, తాగేవాళ్లు కూడా లేరు" అన్నాడు భర్త.

"గోడ చెబుతోందిగా. ఇన్ని ఇళ్లుండగా మీ ఇంటికే ఎందుకొచ్చింది? మీ అమ్మ హాస్టల్ పనికి రేపట్నుంచి రానక్కర్లేదు. ఆదివారంలోగా క్వార్టర్ ఖాళీ చెయ్యండి."

అతను వెళ్లిపోయాడు. పిండిలోని అడుగు మీద అతని బూటు పడి, గోళ్ల గుర్తులు చెరిగిపోయాయి.

*

మర్నాటికల్లా అత్తకి పేరు వచ్చేసింది. కొళాయి దగ్గర బిందెల వరసలో ఎవరో "సారా అత్త కోడలు వచ్చింది, దారివ్వండి, తూలి పడుతుందేమో" అన్నారు. కోడలు బిందె నింపుకుని, నిండుబిందె ఒక్క చుక్క తొణక్కుండా వాళ్ల ముందు నుంచి నడిచి వచ్చింది. ఇంటికి వచ్చాక బిందె దించి, అప్పుడు ఏడ్చింది.

"ఏడుపెందుకు? నన్ను కదా అన్నది" అంది అత్త.

"మిమ్మల్ని అన్నందుకే."

"అయితే మొహం కడుక్కుని అన్నం తిను. ఇద్దరం ఒకేసారి ఏడిస్తే వాడికి వండేదెవరు?"

వాడు, అంటే భర్త, పొగగదిలో పని ముగించుకుని అప్పుడే వచ్చాడు. రబ్బరు షీట్లు ఆరబెట్టే ఆ గదిలో రోజంతా కట్టెల పొగ. మనిషి మనిషంతా కాల్చిన చెక్కలా వాసన వేస్తాడు. పెళ్లైన కొత్తలో ఆ వాసనకి ఆమె తుమ్మేది. ఇప్పుడు అతను రాకముందే గుమ్మంలోకి ముక్కు పోతుంది. ఏనుగుకి తీసిపోవని అతను ఏడిపిస్తాడు. ఇవాళ కంతకి రెండు టార్పాలిన్లు అడ్డం కట్టి, మెట్టు మీద కూలబడ్డాడు.

"మేనేజరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. అమ్మ చేత తప్పయిందని చెప్పించమన్నాడు. చెబితే ఇల్లు ఉంచుతాడట, పని మాత్రం లేదట."

"చెయ్యని తప్పు చేశానని ఎలా చెప్తార్రా?" అంది అత్త లోపలి నుంచి. అంతే అంది. ఆ తర్వాత గంగాళం తోముతున్న చప్పుడు వినిపించింది. అప్పటికి దాన్ని రెండుసార్లు తోమింది.

కోడలు లేచి పెరట్లోకి వెళ్లింది. కొళాయి పక్కన ఏనుగు వదిలిపోయిన లద్దెలు నాలుగైదు, ఒక్కొక్కటి చెంబంత, ఎండకి పైన పొరకట్టి ఉన్నాయి. ఆమె వాటి ముందు గొంతుకూర్చుంది. ఏనుగు తిన్నదాంట్లో సగం కూడా అరగదు. పగలూ రాత్రీ మేస్తూనే ఉంటుంది, మేసినదాంట్లో సగానికి సగం అలాగే బయటికి వస్తుంది. గడ్డి గడ్డిలాగే, గింజ గింజలాగే. పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న ముక్క అది. అయితే సారా కాచిన ధాన్యం తిని ఉంటే, ఆ పొట్టు ఇక్కడ ఉండాలి కదా! లేకపోతే?

ఆమె పరుగున వంటింట్లోకి వెళ్లి చేతికి దొరికింది పట్టుకొచ్చింది. ఒక లద్దె విప్పి, నీళ్లు పోసి, జల్లించడం మొదలుపెట్టింది. అత్త గుమ్మంలోకి వచ్చి చూసి గుండె పట్టుకుంది.

"ఒసేయ్ అమ్మాయ్! అది నా పిండి జల్లెడ!"

"కొత్తది కొనిస్తాను అత్తయ్యా."

"ఏనుగు ఒక గోడ పగలగొట్టి పోయింది. నువ్వు ఇల్లు మొత్తం ముంచేలా ఉన్నావు." తిడుతూనే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, చెంగు ముక్కుకి చుట్టుకుంది. "అలా కుదపకు. కింద పడాల్సింది కూడా పైన మిగిలిపోతుంది. ఇలా ఇవ్వు."

ఇద్దరూ సాయంత్రం దాకా జల్లించారు. జల్లెడలో చెట్ల బెరడు పీచు మిగిలింది. వేలెడేసి పొడుగు పుల్లలు, నలగకుండా ఉన్న గడ్డి పరకలు, అడవికాయల గింజలు. ధాన్యం పొట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. తర్వాత మెత్తగా నలిగిన తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు బయటపడ్డాయి. కోడలు ఒకదాన్ని నీళ్లలో కడిగి విప్పింది. ఉప్పు ప్యాకెట్ కవరు. మీద నీలం అక్షరాలు సగం సగం కనిపించాయి.

"అత్తయ్యా! ఉప్పే! ఉప్పు కోసమే వచ్చింది, సారా కోసం కాదు!" ఆమె తడి చేతులతోనే అత్తని కావలించుకుంది. అత్త "ఛీ ఛీ, కంపు" అంటూ తోసేసింది కానీ, నవ్వకుండా ఉండలేకపోయింది. ఆ ఇంట్లో రెండు రోజుల తర్వాత వినబడిన నవ్వు అది. మెట్టు మీది భర్త కూడా లేచి వచ్చాడు, ముక్కు మూసుకుని.

*

గురువారం అటవీశాఖ పశువుల డాక్టరు వచ్చింది. బురద బూట్లు, ఎండకి కమిలిన మొహం, నడివయసు మనిషి. మేనేజరు ఆమెకి ఆఫీసు గదిలో కాఫీ ఇప్పిస్తున్నాడు. కోడలు పళ్లెంలో లద్దె పీచూ, కవరు ముక్కలూ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆమె వెనక అత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెంగు కొసని మడతపెడుతూ విప్పుతూ ఉంది. ముప్పొద్దులా గరిట పట్టిన చేతులు ఖాళీగా ఉండడం ఆవిడకి అలవాటు లేదు.

"ఏమిటా దరిద్రం? కాఫీ తాగుతున్నాం ఇక్కడ" అన్నాడు మేనేజరు.

"మా పెరట్లో ఏనుగు వేసిన లద్దె సార్. జల్లించి చూశాం. ధాన్యం లేదు, సారా పిండి లేదు. ఉప్పు కవర్లున్నాయి. అది మా ఇంట్లో తిన్నది ఉప్పు ఒక్కటే. సారా అన్న మాట అబద్ధం." ఇంటి దగ్గర నాలుగుసార్లు చెప్పి చూసుకున్న మాటలు.

డాక్టరు కాఫీ పక్కన పెట్టి పళ్లెం తీసుకుంది. వేళ్లతో పీచు విడదీసింది. "ఎప్పుడు వేసింది?"

"గోడ పగలగొట్టినప్పుడే అండీ. అక్కడే నిలబడి."

"అయితే ఇది మీ ఇంట్లో తిన్నది కాదమ్మా." ఆమె గొంతులో వెక్కిరింపు లేదు. "ఏనుగు పొట్ట పెద్ద ప్రయాణం. నోట్లో పడింది బయటికి రావడానికి ఒక రోజు పైనే పడుతుంది. ఇది అంతకు ముందు తిన్న మేత. నిన్నటిది, మొన్నటిది."

కోడలు ఆ ముక్క కూడా చదివింది. ఏ పేజీలో ఉందో కూడా గుర్తొచ్చింది ఇప్పుడు.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "విన్నావుగా? డిగ్రీ చదివానని తెగ ఎగిరావు. నీ పళ్లెంలో ఉన్నదానికీ మీ ఇంటికీ సంబంధమే లేదని డాక్టరుగారే చెబుతున్నారు. మీ అత్త ఇంట్లో అది ఏం తాగిందో రేపటి లద్దె చెప్పాలి. వెళ్లి అడవిలో జల్లించుకో." తన మాట తనకే నచ్చి నవ్వాడు. "ఇది ముందురోజు తిన్నది. అంతేగా డాక్టర్?"

"అంతే."

అత్త ఆమె మోచెయ్యి పట్టుకుంది. "పద అమ్మాయ్."

కోడలు కదల్లేదు. పళ్లెం వైపే చూస్తోంది. గోనెలో ఉప్పు. వాళ్ల వంటింట్లో ఉప్పు గోనెలోనే ఉంది, ఏనుగు గిల్లి తిన్నదీ గోనెలోంచే. ఇంట్లో ఉప్పు ప్యాకెట్ అన్నదే లేదు.

"అయితే సార్," అంది నెమ్మదిగా, "ఈ కవర్లు అది మా ఇంటికి రాకముందే తిన్నది."

"అదేగా చెబుతున్నాం."

"ఎక్కడ తిన్నది?"

మేనేజరు కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"మా ఇంట్లో గోనె ఉప్పు. క్వార్టర్స్ లో అందరూ కొనేదీ అదే. నీలం అక్షరాల ప్యాకెట్లు కంపెనీ కొట్టు నుంచి హాస్టల్ వంటగదికే వస్తాయి. కదా అత్తయ్యా?"

అత్త చెంగు మడతపెట్టడం ఆపింది. "పెట్టెల్లో వస్తాయి" అంది.

డాక్టరు లేచి నిలబడింది. "హాస్టల్ చెత్త ఎక్కడ పోస్తారు?"

*

హాస్టల్ వెనక పల్లంలో, అడవి మొదలయ్యే చోటే పోస్తారు. ఇదివరకు చెత్తబండి వచ్చి తీసుకుపోయేది. బండి దండగని మాన్పించి, అక్కడ పొయ్యమని మేనేజరే చెయ్యి చూపించాడు. ఎంగిలి మెతుకులు, మాగిన పళ్ల తొక్కలు, ఉప్పునీళ్లు, వాటితోబాటే కవర్లు, తాళ్లు, సంచులు. కుప్ప ఇప్పుడు మనిషెత్తు ఉంది. దాని అవతల అడవిలోంచి వచ్చిన దారి నున్నగా, వెడల్పుగా, రోడ్డు రోలరు తొక్కినట్టుంది. బురదలో అడుగుల మీద అడుగులు. గుండ్రటివి ముందుకాళ్లవి, కోలగా ఉన్నవి వెనకకాళ్లవి. వాటి మధ్య సత్తు పళ్లెమంత చిన్న అడుగులు కూడా ఉన్నాయి.

"గున్న కూడా వస్తోంది" అంది డాక్టరు. వంగి మరో లద్దె విప్పింది. అందులోంచి ప్లాస్టిక్ తాడు జానెడు పొడుగు వచ్చింది. "పెద్దది ఎలాగో బయటికి తోసేసింది. ఇదే గున్న పొట్టలో చుట్టుకుంటే చచ్చిపోతుంది." తర్వాత కోడలి పళ్లెంలోని పుల్లలు చూపించింది. "ఇవి చూడండి, నలగనే లేదు. దాని దవడపళ్లు అరిగిపోయాయి. ఏనుగుకి చివరి జత అరిగాక మళ్లీ పళ్లు రావు. బెరడు నమల్లేదు. మెత్తటిది వెతుక్కుంటోంది. మీరు రోజూ మెత్తటి తిండి, అందులో ఉప్పు కలిపి వడ్డించారు. అది గుంపుని వెంటేసుకుని వచ్చింది. ఇక్కడిదాకా వచ్చాక, అదే వాసన ఇంకొంచెం దూరంలో ఒక వంటింట్లోంచి వచ్చింది. అంతే."

కోడలికి కోపం అరికాళ్లలోంచి ఎక్కివచ్చింది. పళ్లు ఊడిన ముసలిప్రాణం అది. నమల్లేక మెతుకుల కోసం వచ్చిన దానికి తాగుబోతని పేరు. తెల్లవారకముందే లేచి ఊరందరికీ రొట్టె కాల్చే మనిషికి సారా అత్తని పేరు. రెండు పేర్లకీ కారణమైనవాడు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు ఇక్కడ, ఈ కుప్ప తనది కానట్టు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "పోసింది ఈవిడే కదా. హాస్టల్ వంట ఈవిడది, చెత్తా ఈవిడదే."

అందరూ అత్త వైపు తిరిగారు. ఆవిడ కుప్పని చూస్తోంది.

"అవును, నేనే పోశాను" అంది. "రోజూ పోశాను. ఇక్కడ పొయ్యమన్నారు, పోశాను. ఇది ఎక్కడికి పోతుందని నేనూ అడగలేదు."

డాక్టరు పైవాళ్లకి రాస్తానంది. రాశాక వాళ్లు వచ్చి చూసేసరికి ఎన్నాళ్లు పడుతుందో తన చేతిలో లేదని కూడా చెప్పింది. నిజాయితీగా చెప్పింది కాబట్టి కోడలికి ఆమె మీద కోపం రాలేదు.

*

శుక్రవారం తాపీమేస్త్రీ వచ్చి కంత పూడ్చడం మొదలుపెట్టాడు. అతనితోబాటే రేడియో మేనేజరు కబురు మోసుకొచ్చాడు. ఈసారి గుమ్మం బయటే నిలబడి, తల గోక్కుంటూ చెప్పాడు.

"పెద్దమ్మా, రేపట్నుంచి పనిలోకి రమ్మన్నారు. ఇల్లు కూడా మీదే. జరిగిందేదో జరిగింది, చెత్త సంగతి నలుగురిలో అనొద్దన్నారు. బండి సంగతి ఆలోచిస్తారట. అందాకా ఎప్పటిలాగే..."

"ఎప్పటిలాగే పల్లంలో పొయ్యాలా?" అంది కోడలు.

"నన్నంటే ఏం లాభం చెల్లెమ్మా? వైరు ఎలా లాగితే అలా మోగేవాణ్ణి." అత్త వైపు చూసి, చూపు దించుకున్నాడు. "మొన్నన్నది... నోరు జారింది పెద్దమ్మా."

"నీ నోరు జారనిదెప్పుడు? పో, వస్తానని చెప్పు."

రేడియో వెళ్లాక కోడలు అత్త మీద మొట్టమొదటిసారి గొంతు పెంచింది. "అంత తేలిగ్గా ఒప్పేసుకుంటారా? తప్పయిందని ఒక్క మాట వాళ్ల నోట రాలేదు! ఆ కుప్ప అక్కడే ఉంటుంది, అది మళ్లీ వస్తుంది, దాన్ని మళ్లీ..."

"పిండి కలపాలి. నీళ్లు పెట్టు."

"అత్తయ్యా!"

"గోరువెచ్చగా. మరగనివ్వకు."

రాత్రి కోడలు భర్త భుజం మీద తల పెట్టి చాలాసేపు సణిగింది. అతను పొగచూరిన వేళ్లతో ఆమె జుట్టు సర్ది, "మా అమ్మ ఊరుకుందంటే ఒప్పుకుందని కాదే" అన్నాడు. ఆమెకి అది ఓదార్పులా అనిపించింది, అంతే.

శనివారం పొద్దున అత్తతోబాటు తనూ హాస్టల్ కి వెళ్లింది, సాయానికి. రొట్టెలు ఎప్పటిలాగే ఎర్రగా పొంగి వచ్చాయి. మనుషులు వరసలో వచ్చి పళ్లేలు చాచారు. అత్త ఎవరి ముక్కా చిన్నది చెయ్యలేదు. తినడం అయ్యాక ఎంగిలి కుండీ నిండింది. తొక్కలు, మెతుకులు, పైన నీలం అక్షరాల కవర్లు. అత్త చెంగు నడుముకి దోపుకుని, కుండీ ఒక చెవి పట్టుకుంది. కోడలు రెండో చెవి పట్టుకుని పల్లం వైపు తిరిగింది.

"అటు కాదు" అంది అత్త.

ఇద్దరూ హాస్టల్ ముంగిలి దాటారు, నీళ్ల ట్యాంకరు దాటారు, పూలకుండీల మధ్య నుంచి ఆఫీసు వరండా మెట్లెక్కారు. మేనేజరు గది తలుపు ముందు, తుడిచిన గచ్చు మీద, అత్త కుండీ దించింది. చేతులు చెంగుకి తుడుచుకుంది.

మేనేజరు లోపల్నుంచి లేచి వచ్చాడు. "ఏమిటిది? పిచ్చా?"

"బండి వచ్చేదాకా ఇక్కడే సార్" అంది అత్త, వంటగదిలో ఉప్పెక్కడ పెట్టాలో చెప్పినంత మామూలుగా. "మధ్యాహ్నానిది మధ్యాహ్నం తెస్తాను."

"మళ్లీ పని పోగొట్టుకోవాలనుందా?"

"తీసేయండి. రేపు రొట్టె ఎవరు చేస్తారో వాళ్లకి కూడా చెబుతాను, చెత్త ఎక్కడ పెట్టాలో."

అతను కేకేసి మనిషిని పిలిచాడు. ట్యాంకరు దగ్గర నీళ్లు పడుతున్న రేడియో ఆ కేక విన్నాడు. ట్యాంకరు చాటుకి జరిగి, కొళాయిని అదేపనిగా బిగించడం మొదలుపెట్టాడు. మెట్ల కింద హాస్టల్ మనుషులు ఆగిపోయి చూస్తున్నారు. చివరగా తింటున్న పాలు గీసే ముసలాయన ఒకడు, చేతిలో ఎంగిలి పళ్లెంతోనే వరండా మీదికి వచ్చాడు. మేనేజరు పక్కనించే వంగి, పళ్లెంలో మిగిలిన తొక్క కుండీలో దులిపి, దిగి వెళ్లిపోయాడు. అతని వెనక ఇంకొకడు వచ్చాడు. తర్వాత ఇంకొకావిడ.

కోడలు లెక్కపెట్టలేదు. ఖాళీ చేతులతో మెట్లు దిగుతున్న అత్త వెనకే పరిగెత్తింది, రెండో కుండీ తేవడానికి.